సీమ రాళ్లలో జైన తత్త్వము



కర్నూలు, కడప మండలముల పల్లెలలో రచ్చబండలపై గూర్చుండి యీ మాటలు వినుచున్న పెద్దలకును, తరువాత వీనిని పుస్తకమున జదువబోవు వారికిని మొదట నా తప్పు నొకదానిని విన్నవించుకొనవలసియున్నది.

నా చిన్ననాట మా పల్లెలో ఊరబావి కడ నొక నల్లరాయి యుండెను. దాని పైభాగమున పద్మాసనము వేసికొని, కన్నులు సగము మూసికొని కూర్చున్న దిగంబర విగ్రహము. క్రింద నాలుగైదు వరుసల అక్షరములు. ఊరివారు దానిని సన్న్యాసి రాయి యనెడివారు. దానిని పూజించువారు లేరు, పెరికి పారవేయువారును లేరు. కోతల కాలమున కొడవళ్లు నూరుకొనుటకు మాత్రము మిక్కిలి అనువైనది. మా పెద్దలు నూరిరి. నేనును నూరితిని. నలువది సంవత్సరముల పిమ్మట, పాత లిపులు కొంత నేర్చుకొని, ఆ రాతిని చదువవలెనని మా యూరికి పోయితిని. విగ్రహము చెక్కు చెదరక యున్నది. అక్షరములుండిన చోట రాయి అద్దమువలె నునుపు దేరియున్నది. ఒక మూలను ఒక్క అక్షరము, అదియు సగమే, మిగిలియున్నది. ఆ నునుపులో నా కొడవలి పాలును కలదు.

ఆ రాయి యిక మాటాడదు. కాని మన సీమలో మాటాడగల రాళ్లు ఇంకను కొన్ని గలవు. వానిని నిలిపినవారెవరు? వారు దేనిని సత్యమని నమ్మిరి? ఆ నమ్మకము మన యీ ఎండు నేలపై నెట్లు వర్ధిల్లినది, ఎట్లు మరుగుపడినది? నాకు తెలిసినంత వరకు ఈ ప్రసంగములో చెప్పెదను.

ముందుగా కడప మండలమునకు పోవుదము. జమ్మలమడుగు ప్రాంతమున, పెన్నేటి యొడ్డున దానవులపాడు అను గ్రామము గలదు. దాని దాపుననే దేవగుడి. 1903 ప్రాంతమున పురావస్తు శాఖవారు దానవులపాటి కడ మట్టిదిబ్బను త్రవ్వింపగా లోపల జైనాలయము బయల్పడినది. పార్శ్వనాథుని పెద్ద విగ్రహము, నాలుగు ముఖముల తీర్థంకరులు గల చౌముఖ శిల, శాసనములు, నిషిధి రాళ్లు కనుపించినవి. నిషిధి యనగా వ్రతముతో దేహము చాలించిన జైనుల జ్ఞాపకార్థము నిలుపు శిల. అందు కొన్ని శిల్పములు చెన్నపట్టణపు మ్యూజియమునకు చేరినవి. శేషించినవి అక్కడనే ప్రభుత్వ రక్షణలో నున్నవి.

ఆ శాసనములలో నొకటి రాష్ట్రకూట చక్రవర్తియైన మూడవ ఇంద్రునిది. అతనికి నిత్యవర్షుడని బిరుదు. మాన్యఖేటము రాజధానిగా 10వ శతాబ్ది మొదటి భాగమున ఏలిన ఆ ప్రభువు, శాంతినాథ తీర్థంకరుని స్నానోత్సవమునకు రాతి పీఠము నొకదానిని చేయించి యిచ్చెను. ఎక్కడి మాన్యఖేటము! ఎక్కడి పెన్నేటి గట్టు! అంతటి చక్రవర్తి చూపు పడుటను బట్టి యీ క్షేత్రము ఆ కాలమున ఎంత పేరుపొందినదో ఊహింపవచ్చును.

మరియొక శాసనము శ్రీవిజయుడను దండనాయకునిది. దానిని గూర్చి పిదప చెప్పెదను. ఆ యోధుని కథ తెలియవలెనన్న అతడు నమ్మిన తత్త్వము ముందు తెలియవలెను.

ఆ తత్త్వమును వివరించిన వారిలో అగ్రగణ్యుడు కొండకుందాచార్యుడు. ఉత్తర దేశపు జైనులు కుందకుందాచార్యుడని పిలుతురు. ఇతనికి పద్మనంది యనియు నామాంతరము గలదు. దిగంబర జైనులు మంగళ శ్లోకములో మహావీరుని, గౌతమ గణధరుని స్మరించిన వెంటనే యితని పేరు స్మరింతురు. కొండకుందుడనునది అతని యూరిని బట్టి వచ్చిన పేరు. ఆ ఊరు ఏదియని విచారించి, శాసన పండితుడైన పి. బి. దేశాయి మహాశయుడు 1957 లో ప్రకటించిన గ్రంథములో, అది మన పొరుగున అనంతపురము మండలమున గుంతకల్లు దాపుననున్న కొనకొండ్ల యని నిరూపించెను. అక్కడి పాత శాసనములలో ఆ గ్రామమునకు కొండకుంద యనియే పేరు. 11వ శతాబ్దిలో నాళికబ్బె అను స్త్రీ గతించిన తన భర్త జ్ఞాపకార్థము అక్కడ చట్ట జినాలయమను గుడిని కట్టించెను. ఊరి దాపున గుట్టపై మూడు గొడుగుల క్రింద నిలుచున్న తీర్థంకర విగ్రహములు నేటికిని గలవు. ఊరివారు ఆ గుట్టను రససిద్ధుల గుట్ట యందురు. అక్కడికి దూరము కాని చిప్పగిరి కొండమీద, కర్నూలు మండలముననే, జైన బసది యున్నది.

కొండకుందుని కాలమును గూర్చి పండితులలో భేదాభిప్రాయములున్నవి. సంప్రదాయము క్రీస్తు శకారంభ కాలమని చెప్పును. కొందరు కొన్ని శతాబ్దములు తరువాతి వాడందురు. అతని గ్రంథములు మాత్రము నిశ్చయముగా మనకు లభించుచున్నవి: పంచాస్తికాయము, ప్రవచనసారము, సమయసారము, నియమసారము. అన్నియు ప్రాకృత భాషలో నున్నవి. సంస్కృతమున ఉమాస్వాతి రచించిన తత్త్వార్థసూత్రము పది అధ్యాయముల గ్రంథము. దానిని దిగంబరులును శ్వేతాంబరులును ఉభయులు నంగీకరింతురు. ఈ గ్రంథములలోని సారమును మన పొలముల భాషలో చెప్ప యత్నించెదను.

జైనుల మతమున ఈ లోకమును సృజించిన కర్త లేడు. లోకము అనాదిగా నున్నది, అనంతముగా నుండును. అందుండు పదార్థములు ఆరు. వీనిని షడ్ద్రవ్యములందురు. మొదటిది జీవము, అనగా తెలివిగల ఆత్మ. రెండవది పుద్గలము, అనగా రంగు, రుచి, వాసన, స్పర్శ గల జడ పదార్థము. మన్నును రాయియు మన దేహమును అన్నియు పుద్గలమే. మూడవది ధర్మము, నాల్గవది అధర్మము. ఇక్కడ శ్రోతలు జాగ్రత్తపడవలెను. ఇవి మనము వాడుకగా పలుకు పుణ్యపాపములు కావు. ధర్మద్రవ్యము చలనమునకు సహాయపడునది. చేప యీదుటకు నీరెట్లో అట్లు. నీరు చేపను త్రోయదు, కాని నీరు లేక చేప కదలలేదు. అధర్మద్రవ్యము నిలుకడకు సహాయపడునది. ఎండబడి నడచు బాటసారికి చెట్టునీడ యెట్లో అట్లు. నీడ యెవనిని పట్టి నిలుపదు, నిలువదలచిన వానికి చోటగును. ఐదవది ఆకాశము, అన్నిటికి చోటిచ్చునది. ఆరవది కాలము. మొదటి అయిదింటికి విస్తారము గలదు గనుక అవి పంచాస్తికాయములు. కాలమునకు విస్తారము లేదు గనుక దానిని ఆ లెక్కలో చేర్పరు.

ఈ ద్రవ్యములు ఉన్నవా, పోవుచున్నవా, పుట్టుచున్నవా యని యడిగిన జైనులు మూడును నిజమందురు. వారు చెప్పు బంగారు నగ పోలికను మన యింటికి తెచ్చుకొందము. అవ్వ కాసులపేరును కరగించి మనుమరాలికి గాజులు చేయించినారు. కాసులపేరు నశించినది, అవ్వకు దుఃఖము. గాజులు పుట్టినవి, మనుమరాలికి సంతోషము. బంగారము అట్లే యున్నది. తూకము చూచుకొన్న కంసాలికి దుఃఖమును లేదు, సంతోషమును లేదు. ముగ్గురును చూచినది ఒకే వస్తువును. పుట్టుట, పోవుట, నిలుచుట, ఈ మూడును కూడినదే సత్తు, అనగా ఉనికి, అని వారి సిద్ధాంతము.

జీవము లోకమంతట నిండియున్నది. కొండకుందుడు జీవులను ఇంద్రియముల సంఖ్యను బట్టి లెక్కించెను. మన్ను, నీరు, నిప్పు, గాలి, చెట్టు దేహముగా గలవానికి స్పర్శ యొక్కటే. నత్తలకు, పురుగులకు రెండు. చీమకు మూడు. తేనెటీగకు నాలుగు. పశువునకు, పక్షికి, మనుష్యునకు అయిదు. ఇంద్రియములు ఎక్కువ తక్కువలు గాని లోపలి జీవము యొక్క స్వభావము ఒక్కటే: అనంత జ్ఞానము, అనంత దర్శనము, అనంత సుఖము, అనంత వీర్యము. చీమలోని జీవమునకును చక్రవర్తిలోని జీవమునకును ఆ సంపద సమానము. అహింస యను వ్రతమునకు పునాది యీ లెక్కయే.

అట్లయిన చీమ చీమగా, మనము మనముగా ఏల కట్టుబడి యున్నాము? ఈ ప్రశ్నకు జవాబే సప్త తత్త్వములు: జీవము, అజీవము, ఆస్రవము, బంధము, సంవరము, నిర్జర, మోక్షము. పుణ్యపాపములను గూడ చేర్చి తొమ్మిది పదార్థములని చెప్పుట గలదు.

వీనిని తెలుపుటకు ప్రాచీన జైన గ్రంథములలో చెరువు పోలిక గలదు. చెరువన్న మన సీమవారికి వేరుగా చెప్ప నక్కరలేదు. జీవము చెరువనుకొనుడు. వంకల వెంట వచ్చి చేరు నీరు కర్మము. ఇతర దర్శనముల వారు కర్మమును చేసిన పని యొక్క ఫలముగా చెప్పుదురు. జైనులు దానిని కంటికి కానరాని సన్నని పుద్గలముగా, నిజమైన పదార్థముగా చెప్పుదురు. మనస్సు, వాక్కు, కాయము అను మూడు వంకల వెంట ఆ పదార్థము లోపలికి వచ్చుట ఆస్రవము. వచ్చినది నిలిచి జీవముతో కలిసిపోవుట బంధము. వంకకు అడ్డుకట్ట వేయుట సంవరము. నిలిచిన నీటిని ఏతమెత్తి తోడియు, ఎండకు ఇగిర్చియు తగ్గించుట నిర్జర. తపస్సే ఆ యెండ. నీరంతయు పోయి అడుగు తేలుట మోక్షము.

ఇది విని పెద్దలు నవ్వుదురేమో. చెరువు నిండవలెనని మనము ఆకాశము వంక చూచుచుండగా, చెరువు ఎండుటే మోక్షమని చెప్పు వీరెవరని యనిపించుట సహజము. నాకును మొదట అట్లే యనిపించినది. కాని వారు చెప్పు నీరు పంట పండించు నీరు కాదు, చవుటి నీరు. చవుడు పట్టిన మడిలో నిలిచిన నీటిని తీసివేసిననే కదా నేల తన సారమును తాను చూపగలుగుట! జీవము యొక్క సుఖము, జ్ఞానము బయటినుండి వచ్చి చేరవలసినవి కావు, లోపలనే యున్నవి. మీద నిలిచినది పోవలెను.

కర్మము జీవమునకు ఏల అంటుకొనును? ఇందుకు కొండకుందుడు సమయసారములో నొక పోలిక చెప్పెను. ఒకడు ఒంటికి నూనె పూసికొని, దుమ్ము లేచు చోట నిలిచి కత్తిసాము చేయుచు చెట్లను నరుకుచున్నాడు. వాని యొడలు దుమ్ముతో నిండును. దుమ్ము అంటుకొనుటకు కారణము సాము కాదు, నరుకుట కాదు, ఒంటినున్న జిడ్డు. నూనె లేనివాడు అదే చోట అదే పని చేసిన దుమ్ము అంటదు. ఆ జిడ్డు వంటివి రాగద్వేషములు. క్రోధము, మానము, మాయ, లోభము అను నాలుగింటిని జైనులు కషాయములందురు. గరిడీలలో సాము చేసిన మన పెద్దలకు ఈ పోలిక వెంటనే బోధపడగలదు.

ఇప్పుడు దానవులపాటి శ్రీవిజయుని కడకు పోవుదము. అతడు దండనాయకుడు. కత్తిపట్టి యుద్ధములు గెలిచినవాడు. కవియు నగుటచే అనుపమకవి యని బిరుదు పొందినవాడు. శాసనము కన్నడ సంస్కృత భాషలలో అతనిని పొగడుచున్నది. రాష్ట్రకూటుల కొలువులో కన్నడమునకు ఆదరము మెండు, మన ప్రాంతమున ఆ కాలపు శాసనములు అనేకము ఆ భాషలో గలవు. చీమకు హాని చేయరాదను మతములో సేనాపతి యెట్లుండెనని మీరు అడుగుదురు. జైనశాస్త్రము సన్న్యాసికి ఒక నియమము, గృహస్థునకు మరియొక నియమము పెట్టినది. సన్న్యాసివి మహావ్రతములు, గృహస్థునివి అణువ్రతములు. సంకల్పించి చంపుట గృహస్థునకును నిషిద్ధము. వంటలోను, వ్యవసాయములోను తప్పనిసరిగా జరుగు హింసను, దేశమును కాపాడుటకై యెదిరించు హింసను, పూర్తిగా మానలేని వానిగా ఎంచి, తగ్గించుకొమ్మని చెప్పినది. మానలేనిది పాపము కాదని మాత్రము చెప్పలేదు. దుమ్ము లేచును, ఒంటికి నూనె యెంత తక్కువయైన అంత మేలు.

అట్టి శ్రీవిజయుడు తుదకు సర్వమును విడిచి, సన్న్యసన విధితో దేహమును చాలించెనని ఆ స్తంభశాసనము చెప్పుచున్నది. ఈ వ్రతమునకు సల్లేఖన యనియు పేరు. మరణము దగ్గరపడినదని తెలిసినప్పుడు, గురువుల అనుమతితో, అందరిని క్షమించి, అందరిచేత క్షమింపబడి, ఆహారమును క్రమముగా తగ్గించుకొని ప్రశాంతముగా దేహము విడుచుట దాని విధానము. కోపముతో, దుఃఖముతో ప్రాణము తీసికొనుట ఆస్రవమనియు, సల్లేఖన నిర్జరయనియు వారి విభాగము. ఈ విషయమున నేటికిని వాదము గలదు: 2015 లో రాజస్థాన్ హైకోర్టు ఇది ఆత్మహత్యతో సమానమని తీర్పు చెప్పగా, అదే సంవత్సరము సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలుపుదల చేసినది. ఆ వాదములో తీర్పరిగా నేను కూర్చుండను. అధికారము, కీర్తి, కవిత్వము అన్నియు చేతనున్న మనుష్యుడు, వంకలన్నిటికి తానే అడ్డుకట్ట వేసికొని పెన్నేటి యొడ్డున కూర్చుండెనన్న దానిని మాత్రము చూడుమనుచున్నాను. అతనికి సప్త తత్త్వములు పుస్తకములోని లెక్క కాదు.

ఆ పెన్నేటి నుండియే మరియొక మాట చెప్పెదను. జైన తత్త్వమునకు అనేకాంతము ప్రాణము. ఒక వస్తువునకు అనేక ధర్మములుండును, ఒక్క చూపుతో అన్నియు దొరకవు అని దాని యర్థము. దానిని మాటలలో పెట్టు విధము స్యాద్వాదము. వైశాఖ మాసమున ఒక బాటసారి పెన్నేరు దాటెను. ఏటిలో నీరు లేదనెను. కార్తీకమున మరియొకడు దాటెను. ఏరు నిండుగా నున్నదనెను. మా యూరి ఆడువారు అదే వైశాఖమున ఇసుకలో చెలమ తవ్వి కడవ నింపుకొని వచ్చిరి. ఏటిలో నీరున్నదా, లేదా? ఒక విధమున ఉన్నది. ఒక విధమున లేదు. ఒక విధమున ఉన్నది, లేదు కూడ. రెండును ఒక్క మాటలో ఒకేసారి చెప్పుమన్న చెప్పరానిది. ఈ నాలుగింటిని కలుపగా వచ్చు మరి మూడింటితో చేరి సప్తభంగి యగును. బాటసారులిరువురును అబద్ధమాడలేదు. తాను చూచినదే ఏరంతయు అనుకొని, రెండవవానిని అబద్ధీకుడన్న క్షణమున మాత్రము ఇద్దరును తప్పినవారగుదురు.

ఇట్టి మతము మన సీమలో ఏమయినది? రెండు శాసనములు చెప్పెదను. మొదటిది సా.శ. 1368 నాటిది, కన్నడ దేశమున శ్రవణబెళగొళలో నున్నది. జైనులకును వైష్ణవులకును వివాదము పుట్టగా, ఆనెగొంది, పెనుగొండ మొదలైన చోట్ల జైనులు విజయనగర ప్రభువైన బుక్కరాయలకు మొర పెట్టుకొనిరి. పెనుగొండ మన రాయలసీమలోనిదే. బుక్కరాయలు జైనుల చేతిని వైష్ణవుల చేతిలో పెట్టి, ఈ రెండు దర్శనములకును భేదము లేదని, జైనులకు కలిగిన హాని వైష్ణవులు తమకు కలిగినదిగానే తలపవలెనని శాసించెను. శ్రవణబెళగొళలోని దేవుని కాపుదలకు ఇరువదిమంది భటులను నియమింపుమనియు, ఆ వ్యయమునకు జైనుల యింటింటికి ఏటికి ఒక పణము వసూలు చేయుమనియు ఏర్పాటు చేసి, ఆ బాధ్యత వైష్ణవుల పైననే ఉంచెను.

రెండవది 1512 నాటిది. శ్రీశైలము మల్లికార్జునస్వామి ముఖమండపపు స్తంభములపై నున్నది. శాంతుని కుమారుడైన లింగడను నాయకుడు స్వామికి తాను చేసిన కైంకర్యములను అందు వ్రాయించెను. ఆ పుణ్యకార్యముల పట్టికలో శ్వేతాంబర జైనుల శిరస్సులు ఖండించుటను గూడ నొకటిగా వ్రాయించెను. దీనిని చెప్పుట శైవులను నిందించుటకు కాదు. నేనును శివరాత్రికి శ్రీశైలము కొండ యెక్కినవాడనే. జైన రాజుల కాలమున శైవులకు హాని జరిగినదని చెప్పు కథలును వేరు చోట్ల గలవు. నేను చెప్పదలచినది ఒక్కటే. రెండు రాళ్లకు నడుమ నూట నలువది నాలుగు సంవత్సరములు. ఒక రాతిపై చేతిలో చేయి యున్నది. మరియొక రాతిపై తెగిన తల యున్నది. రెండును మన పూర్వులు చెక్కించినవే. ఏ రాతిని మన పిల్లలకు చదివి చూపవలెనో మనమే నిర్ణయించుకొనవలెను. నన్నడిగిన రెండును చదివి చూపవలెనందును.

పిమ్మట జైనులు మన పల్లెలలో క్రమముగా తగ్గిపోయిరి. రాష్ట్రకూటుల వంటి పోషకులు పోయిరి. వీరశైవము, వైష్ణవము ప్రజలను ఆకర్షించినవి. బసదులు కొన్ని ఇతర దేవాలయములైనవి, కొన్ని దిబ్బలైనవి. అయినను జ్ఞాపకము పూర్తిగా పోలేదు. రెండువందల యేండ్ల క్రిందట మెకంజీ దొర వ్రాయించిన గ్రామ కైఫియత్తులలో, మా యూరు పూర్వము జైనుల కాలమున ఇట్లుండెడిదని చెప్పిన గ్రామములు పెక్కు గలవు. నేడు ఆదోని దాపున పెద్దతుంబళములో పార్శ్వనాథుని తీర్థమునకు దూరదేశముల జైనులు యాత్ర వచ్చుచున్నారు. వారు రాజస్థానమునుండియు గుజరాతునుండియు వచ్చి ఆ రాతిలో తమ దేవుని గుర్తుపట్టుచుండగా, ఆ నేలపై పుట్టిన మనము దానిని సన్న్యాసి రాయి యనుచుంటిమి.

పెద్దలారా, ఈ తత్త్వమును మీరు మతముగా స్వీకరింపవలెనని నేను చెప్పుట లేదు. కర్త లేడన్న మాట మీలో అనేకులకు రుచింపదు. నాకును దానిపై సందేహములు గలవు. కాని ఒంటికి నూనె పూసికొన్న వాని కథను మాత్రము మరువకుడు. మన సీమకు కరవు ఒక శాపమైన, కక్ష మరియొక శాపము. తాత నాటి గట్టు తగాదా మనుమని నాటికి నెత్తురగుట మీరు చూచియే యుందురు. గట్టు జానెడే. ఆ జానెడు మన్ను ఎవని యొంటికిని దానంతట అది అంటుకొనదు. లోపలి జిడ్డే దానిని పట్టి యుంచును. సంవరము, అనగా వంకకు అడ్డుకట్ట, సన్న్యాసులకు మాత్రమే గాక రచ్చబండపై పంచాయితీ చెప్పు పెద్దలకును పనికివచ్చు మాట. కోపము ఊరిలోనికి వచ్చు దారి యేదియో మీకు తెలిసినంతగా మరియెవరికి తెలియును? పోలీసు, కోర్టులు నిలిచిన నీటిని తోడగలవు. రాకమునుపే కట్ట వేయగలవారు మీరే.

మరియొక విన్నపము. మీ యూర బావికడనో, చెరువు కట్టపైననో, పొలము గట్టుననో అక్షరములు గల రాయి యుండవచ్చును. అది ఏ దేవునిదైనను సరే, ఏ భాషదైనను సరే. దానిపై బట్టలుతుకవద్దని, కొడవలి నూరవద్దని, సున్నము పూయవద్దని పిల్లలకు చెప్పుడు. దానిని ఇంటి గడపగా వేసికొనక, ఉన్నచోటనే ఉండనిండు. పురావస్తు శాఖవారికి ఒక కార్డు వ్రాయుడు. వారు వచ్చి అచ్చు తీసికొని చదువుదురు. అప్పుడు మీ యూరి చరిత్ర మీ యూరికి తిరిగి వచ్చును.

మా యూరి రాతి మూలను మిగిలిన సగము అక్షరమును గూర్చి చెప్పి విరమించెదను. దానిని నేను కాగితముపై దింపుకొని వచ్చి, తెలిసిన పండితునకు చూపితిని. ఆయన చాలసేపు చూచి, ఇది 'వి' కావచ్చును, 'ని' కావచ్చును, ఇంతకంటె చెప్పరాదనెను. ఎవని పేరులోని అక్షరమో, ఎవరి వ్రతమునకు గుర్తో! మరుసటి యేడు కోతలకు ముందు మా యూరికి పోయి, ఆ రాతి చుట్టును నాలుగు బండలు పాతించి వచ్చితిని. కొడవళ్లు నూరుకొనుటకు వేరొక రాతిని తెప్పించి బావి కడ వేయించితిని. ఊరివారు నన్ను చూచి నవ్విరి. కాని నూరుట మాత్రము కొత్త రాతి మీదనే నూరుచున్నారు.